వెనక చక్రాలకు డిస్కులెందుకు?

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఈ సంచిక చేతబట్టుకున్న మిత్రుల్లో చాలామందికి సొంత కారు లేదు. రాస్తున్న నాకూ లేదు. ఉన్నది మా నాయినకు. 1998 మోడల్ మారుతీ 800, తెల్లరంగు. ఇప్పుడు తెల్లరంగని మర్యాద కోసం అంటున్నాం. ఆ కారు మీద మా ఇంట్లో ఆరు నెలలపాటు నడిచిన వాదమే ఈ వ్యాసానికి మూలం. వాదం ఒక్కటే: వెనక చక్రాలకున్న డ్రమ్ బ్రేకులు పీకేసి డిస్కు బ్రేకులు పెట్టించాలా, వద్దా? మా అన్న పెట్టించాలంటాడు. నేను వద్దంటాను. నాయిన ఏమీ అనడు. ఆయన పొద్దున్నే ఆ కారేసుకుని పోయి చీకటి పడ్డాక వస్తాడు. అంటే వాదించేది మేమిద్దరం, బ్రేకు తొక్కేది ఆయన.

మాది చెంగిచెర్ల. తెలియనివారికి చెబుతున్నాను: ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టుకుని బోడుప్పల్ మీదుగా పోతే వస్తుంది. మా ఊరికి ఆర్టీసీ డిపో ఉంది. మాంసం మీద పరిశోధన చేసే జాతీయ కేంద్రం ఉంది. కబేళా ఉంది. పక్కనే చర్లపల్లిలో చమురు కంపెనీల డిపోలున్నాయి. ఇవన్నీ గొప్ప కోసం చెప్పడం లేదు, రోడ్డు మీద మా ఎదురుగా ఏమేం వస్తాయో తెలియాలని చెబుతున్నాను. తెల్లవారుజామున డిపో నుంచి బయల్దేరే బస్సులు, పెట్రోలు ట్యాంకర్లు, గొర్రెలను నింపుకొచ్చే లారీలు, నీళ్ల ట్యాంకర్లు, బడిపిల్లల ఆటోలు, వీటన్నిటి మధ్యా తోచిన దారిన పోయే స్కూటర్లు. ఇలాంటి రోడ్డు మీద బ్రేకు వేయడమంటే ఎప్పుడో ఆపదలో చేసే పని కాదు. చెంగిచెర్లలో ఎక్కి ఉప్పల్ రింగురోడ్డులో దిగేలోపు ఎన్నిసార్లు కాలు పెడల్ మీద పడుతుందో ఒకరోజు లెక్కపెడదామని కూర్చున్నాను. అరవై దాటాక లెక్క తప్పింది.

మా అన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. "అరే, కొత్త బండ్లకు నాలుగు దిక్కుల డిస్కులే ఉంటున్నయి. మనది చూడు, ఎనక డబ్బాలు! ఇంకా ఏ జమానల ఉన్నం మనం?" అంటాడు. ఒక షెడ్డులో ముప్పయి అయిదు వేలకు పని చేసిస్తామన్నారట. ఏదో పెద్ద కారు విడిభాగాలు తెచ్చి, బ్రాకెట్టు వెల్డింగు చేసి, చక్రానికి బిగిస్తారట. "నాయిన పానం కంటె ముప్పయి అయిదు వేలు ఎక్కువనా?" అన్నాడు చివరికి. ఇట్లా అడిగితే ఎవడు మాత్రం నోరెత్తగలడు? ఆ రాత్రికి నేనూ నోరు మూసుకున్నాను. కానీ నోరు మూసుకున్నంత మాత్రాన అనుమానం ఊరుకోదు కదా!

అసలు బ్రేకు చేసే పనేమిటి? పరుగెత్తే బండిలో ఉన్న శక్తిని వేడిగా మార్చి గాల్లోకి వదిలేయడం. అంతకుమించి బ్రహ్మవిద్య ఏమీ లేదు. మా మారుతీ బరువు సుమారు 650 కిలోలు. ఇద్దరు మనుషులు, ఒక సంచీ వేసుకుంటే 800 కిలోలనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దానిలో ఉండే శక్తి 111 కిలోజౌళ్లు. లీటరు నీళ్లను 26 డిగ్రీలు వేడెక్కించడానికి సరిపోతుందంతే. టీకి కూడా చాలదు! ఈ వేడిని నాలుగు చక్రాలూ పంచుకుంటాయి. ఊళ్లో తిరిగే చిన్న కారుకు వెనక డ్రమ్ము వేడెక్కి చేతులెత్తేసే ప్రమాదం చాలా తక్కువ. 500 మీటర్ల ఎత్తు నుంచి దిగే ఘాట్ రోడ్డు లెక్క వేరు. అక్కడ అదే కారు దాదాపు 39 లక్షల జౌళ్ల శక్తిని వదిలించుకోవాలి, అంటే పై లెక్కకు ముప్పయి అయిదు రెట్లు. అందుకే కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగమని పెద్దలు చెప్పేది, ఇంజను కూడా కొంత భారం మోస్తుందని. చెంగిచెర్ల నుంచి ఉప్పల్‌కు పోవడానికి మాత్రం కొండలేవీ దిగనక్కర్లేదు.

డ్రమ్ముకూ డిస్కుకూ తేడా ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, మెకానికల్ వాళ్లు ఈ పేరా దాటేయవచ్చు. డ్రమ్మంటే చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె. దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలుంటాయి. పెడల్ తొక్కితే అవి విచ్చుకుని గిన్నె లోపలి గోడను ఒరుసుకుంటాయి. డిస్కంటే తిరిగే పళ్లెం. దాన్ని రెండువైపుల నుంచీ ప్యాడ్లు పటకారులా పట్టుకుంటాయి. పళ్లేనికి చుట్టూ గాలి తగులుతుంది కనుక తొందరగా చల్లారుతుంది, నీళ్లు తగిలినా విసిరేస్తుంది. గిన్నె వేడెక్కితే వ్యాకోచించి షూ నుంచి దూరంగా జరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. ఇంతవరకూ మా అన్న మాటే నిజం. అయితే డ్రమ్ముకూ ఒక సుగుణముంది. తిరిగే డ్రమ్ము ముందు షూను తనవైపు తానే లాక్కుంటుంది. కొంచెం తొక్కితే ఎక్కువ పట్టు! డిస్కు అలా సాయం చేయదు, ఎంత నొక్కితే అంతే పట్టుకుంటుంది. అందుకే డిస్కులకు నూనె ఒత్తిడి ఎక్కువ కావాలి, బూస్టరు కావాలి, మాస్టర్ సిలిండరు దానికి తగ్గది కావాలి. కాలిపర్‌లో పెద్ద పిస్టను పెట్టి మాస్టర్ సిలిండరు పాతదే ఉంచితే, కాలు సగం దూరం దిగాక గానీ బ్రేకు అందదు.

ఇవన్నీ డబ్బుతో తీరే సమస్యలే అనుకోండి. డబ్బుతో తీరనిది ఒకటుంది. బ్రేకు వేయగానే బండి ముందుకు వంగుతుంది. బస్సులో నిలబడి ప్రయాణం చేసిన ప్రతివాడికీ ఇది ఒంటికి తెలిసిన విద్య. డ్రైవరు బ్రేకు కొడితే మనం ఎవరి మీదికి పోయి పడతాం? ముందున్నవాడి మీదికే కదా! కారు బరువు కూడా అట్లాగే ముందు చక్రాల మీదికి పోయి పడుతుంది. మారుతీ 800లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2175 మిల్లీమీటర్లు. గరిమనాభి నేలకు అర మీటరు ఎత్తున ఉందనీ, నిలబడి ఉన్నప్పుడు బరువులో నూటికి అరవై పాళ్లు ముందుందనీ అనుకుందాం. అంటే ముందు 480 కిలోలు, వెనక 320. పొడిరోడ్డు మీద గట్టిగా, గురుత్వంలో పదింట ఏడు వంతుల బలంతో బ్రేకు వేస్తే సుమారు 129 కిలోలు వెనక నుంచి ముందుకు జరుగుతాయి. ముందు 609, వెనక 191 అవుతాయి. ఆ 191 కిలోల బరువుతో నేలను పట్టుకున్న రెండు టైర్లు ఎంత పని చేయగలవు? మొత్తం పనిలో నాలుగో వంతు కూడా కాదు. అక్కడ మీరు డిస్కే పెట్టండి, విమానం బ్రేకే పెట్టండి, ఆ టైరు అంతకు మించి ఒక్క కిలో కూడా ఎక్కువ ఆపదు. మహా అయితే చక్రం బిగుసుకుపోతుంది.

బిగుసుకుపోతే ఏమవుతుంది? ముందు చక్రాలు బిగుసుకుంటే స్టీరింగు తిరగదు, కారు నేరుగా జారుతుంది. భయంగానే ఉంటుంది కానీ ముందు ఏమున్నదో కంటికి కనబడుతుంది. వెనక చక్రాలు బిగుసుకున్నాయంటే తోక పక్కకు తిరుగుతుంది. జారే చక్రానికి పక్కకు పోకుండా నిలుపుకునే శక్తి ఉండదు. ముందు చక్రాలు ఆగుతుంటే వెనక భాగం వాటిని దాటి ముందుకు వద్దామని చూస్తుంది. చిన్నప్పుడు సైకిల్ వెనక బ్రేకు నొక్కి ఇసుకలో గీతలు గీసిన ఘనులందరికీ ఇది తెలుసు. అప్పుడు కాలు కింద పెట్టి నిలదొక్కుకున్నాం. కారులో కాలు పెట్టడానికి చోటేది? అందుకే కార్లు తయారుచేసే వాళ్లు, ఏది బిగుసుకున్నా ముందు చక్రమే ముందుగా బిగుసుకోవాలని లెక్కగట్టి వెనక బ్రేకును కావాలనే తక్కువ బలంతో పెడతారు. చాలా కార్లలో వెనక్కిపోయే నూనె ఒత్తిడిని తగ్గించడానికి ఒక వాల్వు కూడా ఉంటుంది. ఇది పిసినారితనం అనుకునేవాడు ఆ వాల్వు ఏమిటో చూడనివాడు.

మా అన్న స్నేహితుడొకడు చూడలేదు. పాపం, మంచివాడే. నాచారంలో ఉద్యోగం. అతనిదీ మా కారులాంటి కారే. మా అన్నకు ధర చెప్పిన షెడ్డులోనే అతను ముందుగా పని చేయించాడు. వెనక డిస్కులు బిగించారు. మిలమిలా మెరుస్తూ చక్రం సందుల్లోంచి కనబడుతుంటే చూడటానికి బాగానే ఉందని నేనూ ఒప్పుకున్నాను. వాల్వు సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. కొత్త కాలిపర్లు పెద్ద కారువి. పెద్ద కారు వెనక బరువుకు తగ్గట్టు తయారైనవి. వాటిని పిట్టంత కారుకు వేశారు.

మృగశిర వెళ్లిన నాలుగు రోజులకు మొదటి వాన పడింది. ఏడాదంతా పేరుకున్న దుమ్మూ, ట్యాంకర్లు కార్చిన నూనె చుక్కలూ మొదటి వానకు తడిసి రోడ్డు ఎట్లా ఉంటుందో మా దిక్కు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎదురుగా ఒక స్కూటరతను జారి పడ్డాడు. మనవాడు బ్రేకు తొక్కాడు. అతను చెప్పిన మాటే రాస్తున్నాను: "తొక్కినంక ముందరున్నోడు కనపడుడు బందయింది. ఇంటి గోడలు కనపడ్డయి." అంటే కారు అడ్డం తిరిగింది. అడ్డం తిరిగి ఆగలేదు, వెనక్కి తిరిగి, రోడ్డు పక్కన ఆపి ఉన్న ఒక ఆటోను గుద్దుకుని ఆగింది. ఆటో డ్రైవరు అప్పుడే దిగి ఎదురుగా టీ తాగడానికి పోయాడు. వెనక సీటు ఉన్న చోట సీటు లేదు. పదినిమిషాల ముందు ఆ సీట్లో ఇద్దరు బడిపిల్లలు కూర్చుని దిగిపోయారట. కింద పడ్డ స్కూటరతను లేచి బట్టలు దులుపుకుని ఇటే చూస్తూ నిలబడ్డాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆటోకు పద్దెనిమిది వేలు కట్టుకున్నాడు. ఆ రాత్రి మా అన్న అన్నం సరిగా తినలేదు. డిస్కుల మాట మాత్రం మానలేదు. "వాడికి వాల్వు పెట్టలేదు, మనం పెట్టిద్దాం" అన్నాడు.

సరే, వాల్వూ పెట్టిద్దాం, మాస్టర్ సిలిండరూ మారుద్దాం. హ్యాండ్ బ్రేకో? దాని సంగతి ఎవరూ ఎందుకు ఎత్తరో నాకర్థం కాదు. డ్రమ్ములో హ్యాండ్ బ్రేకు ఎంత సులువు! ఒక తీగ, ఒక మీట. ఉన్న షూలనే లాగి పట్టుకుంటుంది. కాలిపర్‌కు ఆ ఏర్పాటు విడిగా ఉండాలి. మా అన్న స్నేహితుడి కారుకు పెట్టిన కాలిపర్లకు మీటలున్నాయి కానీ పాత తీగ వాటికి పొడవు సరిపోలేదు, లాగినా సగమే పట్టేది. ఆటో గుద్దకముందు ఒకసారి మా ఇంటి ముందరి వాలులో కారు ఆపి లోపలికి వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్లు తాగేలోపు కారు మెల్లగా తనంతట తాను కిందికి పోతోంది. మా పక్కింటామె బట్టలారేస్తూ చూసి కేకేసింది కాబట్టి సరిపోయింది. ఒక రాయి పెట్టి ఆపాము. అప్పటినుంచి అతని డిక్కీలో ఎప్పుడూ రెండు రాళ్లు. ముప్పయి అయిదు వేలు పెట్టి కొన్నది రాళ్లతో నడిచే బ్రేకన్నమాట! ఇంకో తమాషా చెబుతాను. వెనక డిస్కులున్న పెద్ద పెద్ద కార్లలో చాలావాటికి ఆ డిస్కు నడిమిభాగంలో, టోపీలాంటి చోట, చిన్న డ్రమ్ము బ్రేకొకటి దాచి ఉంటుంది, కేవలం హ్యాండ్ బ్రేకు కోసం. డ్రమ్మును చూసి నవ్వేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

చరిత్ర చూసినా డిస్కు కొత్తదీ కాదు, డ్రమ్ము పాతదీ కాదు. రెండూ ఈడుజోడే. 1902లో లూయీ రెనో ఫ్రాన్సులో డ్రమ్ము బ్రేకు తెచ్చాడు, అదే ఏడు ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. రాగి ప్యాడ్లు పెట్టాడు గనుక అది కీచుమని ఊరంతా వినబడేదట. యాభై ఏళ్లు డ్రమ్ముదే రాజ్యం. 1953లో లెమాన్ పందెంలో డిస్కులున్న జాగ్వార్ గెలిచాక జనం డిస్కు వైపు తిరిగారు. అది ఇరవై నాలుగు గంటలు గుక్కతిప్పుకోకుండా పరుగెత్తే పందెం, అక్కడ వేడి వదిలించుకోవడమే గెలుపు. మనదేశంలో అంబాసిడర్లూ ఫియట్లూ అప్పటికీ ఆ తర్వాతా చాలాకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే తిరిగాయి. 1983 డిసెంబరులో మారుతీ వచ్చింది. ఇప్పటికీ మన షోరూముల్లో అమ్మే చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే. "కొత్త బండ్లన్నిటికి నాలుగు దిక్కుల డిస్కులే" అన్న మా అన్న మాట ఇక్కడే వీగిపోయింది. 2019 ఏప్రిల్ నుంచి మనదేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అది వెనక డ్రమ్ములున్న కార్లకూ చక్కగా పనిచేస్తోంది. జర్మనీవాళ్ల ఫోక్స్‌వాగన్ కంపెనీ కరెంటుతో నడిచే ఐడీ త్రీ కారుకు వెనక డ్రమ్ములే పెట్టింది. కరెంటు కార్లలో మోటారే సగం బ్రేకు పని చేస్తుంది గనుక వెనక డిస్కు వాడకం లేక తుప్పు పడుతుంది, మూసి ఉండే డ్రమ్ముకు ఆ బాధ తక్కువ. ఇంతెందుకు, మా డిపోలోంచి బయల్దేరే సిటీ బస్సులు చూడండి. అరవై డెబ్బయి మందిని ఎక్కించుకుని రోజంతా ఆగుతూ పోతూ ఉండే ఆ బస్సుల చక్రాల్లో ఉన్నవి గాలి ఒత్తిడితో పనిచేసే డ్రమ్ములే.

ఇంతకీ మా కారు సరిగా ఆగుతోందా? ఆగడం లేదు! ఇది నేను దాచిపెట్టదలచుకోలేదు. మా అన్న భయం అబద్ధం కాదు. పెడల్ మెత్తగా దిగేది, కారు కొంచెం ఎడమకు లాగేది, నాయిన రెండుసార్లు తొక్కి ఆపేవారు. "ఆగుతుంది గదా బిడ్డా, అలవాటయిపోయింది" అనేవారు. అలవాటు! నేను భయపడ్డది డ్రమ్మును చూసి కాదు, ఆ మాట విని.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర ఒక పాత ఉస్తాద్ ఉన్నాడు. ఆయన దగ్గరికి మా ఇద్దరినీ నాయినే తీసుకుపోయారు. అన్న డిస్కుల మాట ఎత్తగానే ఆయన చేతిలోని పానా కింద పెట్టి, "ముందు ఇప్పి సూద్దాం బాబూ. నాడి సూడకుండ మందియ్యొద్దు" అన్నాడు. ఒక ఆదివారం పొద్దున విప్పాము. మిత్రులారా, ఆ డ్రమ్ములో కనబడినది చెబితే మీరు మా కారెక్కరు. ఎడమ చక్రం వీల్ సిలిండరు కారి షూ అంతా నూనె తాగి ఉంది. కుడి షూ లైనింగు అద్దంలా నున్నబడింది. అరిగినకొద్దీ షూను దగ్గరికి జరపవలసిన అడ్జస్టరు తుప్పుపట్టి ఎప్పుడో బిగుసుకుపోయింది. డ్రమ్ములో అంచు లేచింది. ముందు డిస్కుల ప్యాడ్లు రేకుకు రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. డబ్బాలో బ్రేకు నూనె కాఫీ కషాయంలా ఉంది. ఎప్పుడు మార్చారని అడిగితే నాయినా అన్నా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను నేల చూపులు చూశాను.

బ్రేకు నూనె గురించి రెండు ముక్కలు. మామూలు బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ త్రీ నూనె 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. తేమ పీల్చినదానికి ఆ నియమం 140కి దిగిపోతుంది. మరిగితే ఆవిరి. ఆవిరిని ఎంత నొక్కినా అది నొక్కుకుపోతుందే తప్ప చక్రాన్ని పట్టదు. రెండేళ్లకోసారి మార్చమని చెబుతారు, ఖర్చు కొద్ది వందలు. ఈ పని ఎవరూ చేయరు. కంటికి కనబడదు గదా! చక్రం సందుల్లోంచి మెరిసే డిస్కుకు ఉన్న అందం సీసాలోని నూనెకు ఎక్కడిది?

ఆ ఆదివారం పొద్దుగూకే దాకా పనయింది. కొత్త షూలు, కొత్త వీల్ సిలిండర్లు, ముందు ప్యాడ్లు, రబ్బరు గొట్టాలు, నూనె. డ్రమ్ములు లేతు మీద పెట్టి కోయించాము. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం ఎంతో పోతపోసి ఉంటుంది, అది దాటేట్టయితే కోయకూడదు, కొత్తది కొనాలి. అడ్జస్టరు విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టాము. ఇక్కడ నాకు చాలా బాధ కలిగించిన సంగతొకటి జరిగింది. షెడ్డులో పనిచేసే కుర్రాడు డ్రమ్ములోని పొడిని ఉఫ్ఫని నోటితో ఊదబోయాడు. పాత లైనింగుల్లో రాతినార ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సరు తెస్తుందని ప్రపంచమంతటా ఒప్పుకున్న విషయం. ఏ షూలో ఏముందో పైకి చూస్తే తెలియదు. తడిగుడ్డతో తుడవాలి, అంతే. ఉస్తాద్ వాణ్ని కసిరాడు. అయితే వాడు ఇదివరకు ఎన్ని డ్రమ్ములు ఊదాడో?

టైర్లు చివరికి చూశాము, నిజానికి మొట్టమొదట చూడవలసింది. గాడి లోతు బాగానే ఉంది, కానీ పక్కనున్న అంకెలు చదివితే తయారై తొమ్మిదేళ్లు. గోరుతో నొక్కితే రబ్బరు కాదు, రాయి. నేలను పట్టుకునేది షూ కాదు, ప్యాడు కాదు. అరచేతంత రబ్బరు ముక్క, చక్రానికొకటి. నాలుగూ మార్చాము. మొత్తం ఖర్చు, టైర్లతో కలిపి, షెడ్డువాళ్లు చెప్పిన ధరలో సగానికి కొంచెం ఎక్కువయింది. టైర్లు తీసేస్తే అయిదో వంతు కూడా కాలేదు.

పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిచాము. మా ఊరి బయట మనుషులు తిరగని కొత్త వెంచరు రోడ్డు మీద, సుద్దతో గీత గీసి, 40 కిలోమీటర్ల వేగంలో వచ్చి గీత దగ్గర బ్రేకు తొక్కడం. ముందు రోజు మూడుసార్లు కొలిస్తే 13 మీటర్ల పైచిలుకు. తర్వాత మూడుసార్లు 9 మీటర్లకు కాస్త అటూఇటూ. నాలుగు మీటర్లంటే మా కారు పొడవు కంటే ఎక్కువ. ఇందులో టైర్ల వాటా ఎంత, షూల వాటా ఎంత అంటే చెప్పలేను, అన్నీ ఒకేరోజు మార్చాము కనుక. ల్యాబులో ఇట్లా ప్రయోగం చేస్తే మార్కులు కోసేస్తారు, న్యాయమే. కారు ఇప్పుడు ఎడమకు లాగడం లేదు. నాయిన ఇప్పటికీ రెండోసారి తొక్కబోయి, అప్పటికే ఆగిపోయిందని నవ్వుతారు.

ఇక ఎదుటివారి పక్షాన ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. అంబాసిడరో ఫియట్టో ఉండి, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్నట్లయితే డిస్కుల ఆలోచన మంచిదే, కానీ ముందు చక్రాలకు. పని జరిగేది అక్కడ. బరువైన బండితో తరచు శ్రీశైలం ఘాటో అరకు ఘాటో దిగేవాళ్లకు వెనక డిస్కులూ పనికొస్తాయి. అదే మోడల్‌లో కంపెనీ తానే వెనక డిస్కులు పెట్టి అమ్మిన రకం ఉంటే, దాని మాస్టర్ సిలిండరు, వాల్వు, హ్యాండ్ బ్రేకు తీగ, అన్నీ అదే రకంవి తెచ్చి వేసుకుంటే నేను అడ్డుచెప్పను. వానాకాలంలో చక్రం మునిగే నీళ్లలోంచి కారు నడిపాక డ్రమ్ము కాసేపు పట్టదు, అదీ నిజమే. నీళ్లు దాటాక మెల్లగా పోతూ పెడల్‌ను నాలుగుసార్లు తేలిగ్గా తొక్కితే ఆరిపోతుంది. చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించినదానికీ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ భిన్నంగా బండిని మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే సమర్థించింది. ఇనప ముక్క వెల్డింగు చేసి కాలిపర్ వేలాడదీసిన కారు గుద్దుకున్నాక ఇన్సూరెన్సువాడు వచ్చి ఏమడుగుతాడో మీరే ఊహించుకోండి.

మన క్లాసుల్లో బ్రేకు లెక్క చేయనివాడు లేడు. ఘర్షణ గుణకం ఇస్తారు, డ్రమ్ము వ్యాసార్థం ఇస్తారు, టార్కు రెండు దశాంశ స్థానాల దాకా తెస్తాం. నేనూ తెచ్చాను, మార్కులూ వచ్చాయి. ఆ లెక్క చేసిన ఏడాదే మా ఇంటి ముందు నిలబడ్డ కారులో అడ్జస్టరు బిగుసుకుపోయి ఉంది. నాయిన రోజూ ఆ కారులోనే పోయి వస్తున్నారు. 2022లో మనదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రప్రభుత్వ లెక్క. అందులో బ్రేకుల పాపమెంతో నేను తేల్చబోవడం లేదు. 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 16.7 మీటర్లు పోతుంది. సెల్‌ఫోను నుంచి కళ్లెత్తడానికి పట్టే ఒక్క సెకను, ప్రపంచంలోని ఎంత గొప్ప డిస్కు పెట్టినా తిరిగి రాదు.

మా అన్న నా వాదనకు ఓడిపోయాడని అనుకోకండి. వాడు మాట మార్చాడంతే. ఇప్పుడు ఆదివారాలు ఎవరి కారైనా కనబడితే వంగి టైరు మీద తేదీ చదువుతున్నాడు. వాడి స్నేహితుడు మాత్రం తన కారుకు తిరిగి డ్రమ్ములే వేయించుకుందామని తిరుగుతున్నాడు. పాత డ్రమ్ములూ వెనక పళ్లేలూ షెడ్డువాళ్లు ఎప్పుడో తూకానికి అమ్మేశారట. నాచారంలో, ఉప్పల్‌లో పాత సామాను దుకాణాలన్నీ అడిగాడు. ఒకచోట కుడివైపుది దొరికింది. ఎడమవైపుది ఎవరికైనా కనబడితే చెప్పండి.